అంకెల వెనుక ఊరు: బిలాస్‌పూర్ జనాభా చరిత్రపై ఒక పరిశీలన

మా అన్నయ్య కొడుకు తొమ్మిదో తరగతి. బడిలో ఇచ్చిన ప్రాజెక్టు కోసం బిలాస్‌పూర్ జిల్లా జనాభాను గ్రాఫు కాగితం మీద గీసి తెచ్చాడు. 1991లో గీత 38 లక్షల దగ్గర ఉంది. 2001కి వచ్చేసరికి దబ్బున పడిపోయి 20 లక్షల దగ్గర ఆగింది. 2011లో మళ్లీ లేచి 26 లక్షల 60 వేలు దాటింది. గ్రాఫును నా ముందు పరిచి అడిగాడు: “చిన్నాన్నా, ఆ పదేళ్లలో 18 లక్షల మంది ఏమైపోయారు?”

గతౌరాలో ఉండే మాకు ఆ పదేళ్లు బాగా గుర్తు. బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు బయలుదేరిన బండి కాసేపటికే మా స్టేషను దాటుతుంది. అప్పట్లో యుద్ధం రాలేదు, ఊళ్లు ఊళ్లుగా జనం వలస పోలేదు. జరిగిందల్లా ఒక్కటే. 1998 మే నెలలో బిలాస్‌పూర్ జిల్లాను విడగొట్టి కోర్బా, జాంజ్‌గిర్-చాంపా అనే రెండు కొత్త జిల్లాలు చేశారు. జనం ఉన్నచోటే ఉన్నారు, కదిలింది గీత.

పిల్లవాడు అంకెలు తప్పు రాయలేదు. మూడూ జనాభా లెక్కల్లో ఉన్నవే. అయినా ఆ గ్రాఫు చెప్పిన కథ అబద్ధం. అంకెలు సరైనవైనా వాటితో అల్లిన చరిత్ర తప్పవుతుందా? అవుతుంది. బడిపిల్లవాడి గ్రాఫులోనే కాదు, పేరున్న పెద్ద గ్రంథాల్లో కూడా అవుతుంది. అలాంటి గ్రంథం ఒకదాన్ని తీసుకుని, బిలాస్‌పూర్ గురించి అది చెప్పిన నాలుగు మాటలను పరీక్షించి చూద్దాం.

విజ్ఞాన సర్వస్వంలో మన ఊరు

1911లో వెలువడిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా పదకొండో ముద్రణలో బిలాస్‌పూర్‌కు చిన్న వ్యాసం ఉంది. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ పట్టణాన్ని 17వ శతాబ్దంలో బిలాసా అనే మత్స్యకార స్త్రీ స్థాపించిందన్న ఐతిహ్యాన్ని ఆ వ్యాసం చెబుతుంది. 1741 నాటి మరాఠా దండయాత్ర తర్వాతే ఊరికి గుర్తింపు వచ్చిందని, 1862లో జిల్లా కేంద్రమయిందని, 1901లో పట్టణ జనాభా 18,937 అని రాస్తుంది. బెంగాల్ నాగపూర్ రైలు మార్గాలు రెండు ఇక్కడ కలుస్తాయంటుంది. 1896-97 కరవును వర్ణిస్తూ, 1897లో జిల్లా మొత్తంమీద మరణాల రేటు వెయ్యికి 90 అని, బిలాస్‌పూర్ పట్టణంలో అది 297కు చేరిందని చెబుతుంది.

ముందుగా మెచ్చుకోవలసింది మెచ్చుకుందాం. ఆ కాలంలో ఒక చిన్న పట్టణం గురించి రాస్తూ కరవు మరణాలను దాచకుండా అంకెలతో సహా చెప్పడం మంచి పని. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఈనాడు మనం అడిగే ప్రశ్నలకు చోటే ఉండదు.

అయితే 297 అనే ఆ అంకె దగ్గర ఆగండి. వెయ్యికి 297 అంటే నూటికి దాదాపు 30 మంది. పదిమంది ఉన్న ఇంట్లో ఒక్క ఏడాదిలో ముగ్గురు పోవడం. ఆ రోజుల్లో మామూలు సంవత్సరాల్లోనే మరణాల రేటు వెయ్యికి 40 దాటి ఉండేదని తర్వాతి అంచనాలు చెబుతున్నాయి. ఇప్పుడు మన దేశంలో అది 6, 7 ప్రాంతంలో ఉంది. 297 అన్న మాట చదివిన ఎవరికైనా ఊరు సగం ఖాళీ అయిపోయిందని అనిపించడం సహజం.

నిజంగా ఖాళీ అయిందా? లేదు. ఆ దశాబ్దంలో జిల్లా జనాభా 11 లక్షల 60 వేల ప్రాంతం నుంచి 10 లక్షల 13 వేలకు, అంటే సుమారు 13 శాతం తగ్గింది. బిలాస్‌పూర్ పట్టణం మాత్రం 1891 కంటే 1901లో పెద్దదయింది. మరణాల రేటు జిల్లాకు మూడింతలున్న పట్టణం పెరిగింది, దాని చుట్టూ ఉన్న జిల్లా తరిగింది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ వ్యాసం చెప్పకుండా వదిలేసిన అసలు కథ బయటపడుతుంది.

పైన ఎవరు, కింద ఎవరు?

మరణాల రేటు ఒక భిన్నం. పైన లవం: ఏడాదిలో నమోదైన మరణాలు. కింద హారం: జనాభా. భిన్నం అర్థవంతంగా ఉండాలంటే పైనా కిందా ఒకే జనం ఉండాలి. ఇది బడిలో నేర్చుకున్న సంగతే, కాని ఊళ్ల చరిత్ర రాసేటప్పుడు తరచుగా మరచిపోతాం.

కరవు కాలంలో ఏం జరుగుతుంది? పల్లెలో గింజలు అయిపోయినవాళ్లు ఇల్లు వదిలి రోడ్డెక్కుతారు. పట్టణంలో గంజి పోస్తారని, అనాథశాల తెరిచారని విని అటు నడుస్తారు. ఆకలితో చిక్కి, దారిలో చెరువు నీళ్లు తాగి, కలరానో విరేచనాలో తగిలి పట్టణం చేరేసరికి చాలామంది చావుకు దగ్గరపడి ఉంటారు. అలా ప్రాణం పోయినవారి పేరు పట్టణపు మరణాల పుస్తకంలోకి ఎక్కుతుంది. పుట్టి పెరిగిన పల్లెలో కోత్వార్ ఇచ్చే లెక్కలోకి రాదు. పల్లె ఖాతాలో తగ్గిన మరణం పట్టణం ఖాతాలో పెరుగుతుందన్నమాట.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. లెక్క తేలికగా ఉండడానికి పట్టణ జనాభా 10,000 అనుకోండి. రేటు 297 అంటే ఏడాదిలో 2,970 మరణాలు. పట్టణవాసులు కూడా జిల్లా అంతటిలాగే వెయ్యికి 90 చొప్పున చనిపోయారనుకుంటే, వారి మరణాలు 900. మిగిలిన 2,070 మంది బయటినుంచి వచ్చి ఇక్కడ కన్నుమూసినవారు. వారు లవంలో ఉన్నారు, హారంలో లేరు.

హారంలో ఇంకో చిక్కు కూడా ఉంది. జనగణన పదేళ్లకొకసారి జరుగుతుంది. 1897 నాటి రేటు కట్టాలంటే చేతిలో ఉన్నది 1891 జనాభా. ఈ మధ్యలో రైలు వచ్చి పట్టణం పెరిగింది. మన ఊహలోని 10,000 మంది నిజానికి 13,000 అయ్యారనుకోండి. అదే 2,970 మరణాలకు రేటు 297 నుంచి 228కి దిగుతుంది. ఒక్క మనిషి కూడా తక్కువ చనిపోలేదు. హారం మారింది, అంతే.

ఇదంతా గణితపు చిక్కుముడి మాత్రమే కాదు. 297ను ఉన్నది ఉన్నట్లు చదివినవాడు “పట్టణం రోగాల పుట్ట, పల్లెలు కొంత మేలు” అనుకుంటాడు. మందులు, నీళ్ల గొట్టాలు పట్టణానికి పంపిస్తాడు. కాని ఆకలి పుట్టింది పల్లెలో. గింజలు పంపవలసింది అక్కడికి. అంకెను తప్పుగా చదవడానికి మూల్యం ప్రాణాలతో చెల్లించవలసి రావచ్చు. ఆ వ్యాసంపై నా మొదటి అభ్యంతరం ఇదే. అది రెండు రేట్లను పక్కపక్కన పెట్టింది గాని, అవి ఒకేరకం జనానికి చెందినవేనా అని అడగలేదు.

లండన్ బట్టల వర్తకుడు

ఈ ప్రశ్న అడిగిన మొదటివాడు శాస్త్రవేత్త కాదు, లండన్‌లో బట్టల వ్యాపారం చేసిన జాన్ గ్రాంట్. ఆ నగరంలో చర్చీల వారీగా వారం వారం మరణాల పట్టీలు అచ్చువేసేవారు. ప్లేగు వస్తోందో లేదో తెలుసుకుని ఊరు వదలడానికి ధనికులు వాటిని చదివేవారు. గ్రాంట్ ఎన్నో ఏళ్ల పట్టీలను ముందేసుకుని కూర్చుని కూడికలు, తీసివేతలు చేశాడు. 1662లో ఫలితాలను పుస్తకంగా వేశాడు.

లండన్ జనాభా పదుల లక్షల్లో ఉందని చెప్పుకునేవారికి కూడా ఆనాడు కొదవలేదు. గ్రాంట్ లెక్క కట్టి అది 3,84,000 అన్నాడు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి కనిపెట్టాడు. లండన్‌లో పుట్టి బాప్టిజం పొందిన పిల్లలకంటే ఖననాలు ఎక్కువ. అయినా ఏటా కొత్త ఇళ్లు లేస్తున్నాయి, నగరం పెరుగుతోంది. ఇది ఎలా సాధ్యం? పల్లెలనుంచి జనం వస్తూనే ఉంటే తప్ప సాధ్యం కాదు. పెద్ద ప్లేగు తర్వాత కూడా రెండేళ్లలో నగరం మళ్లీ నిండుతుందని ఆయన గమనించాడు.

గ్రాంట్ లోని శాస్త్రీయ దృష్టి ఎక్కడుందంటే, ఆయన తన ఆధారాలను తానే అనుమానించాడు. చర్చితో విభేదించినవాళ్లు పిల్లలకు అక్కడ బాప్టిజం చేయించరు, కాబట్టి జననాల లెక్క తక్కువగా కనిపిస్తుందని హెచ్చరించాడు. ఏ లెక్కలోకి ఎవరు రారో చూడాలన్నది ఆయన నేర్పిన పాఠం.

ఇప్పుడు లండన్‌ను వదిలి అర్పా నది ఒడ్డుకు రండి. మరణాలు మిక్కుటం, ఊరు మాత్రం పెరిగింది. సమాధానం ఒక్కటే: జనం వచ్చారు. కరవు తరిమిన పల్లెజనం కొందరు. మరి మిగిలినవారు?

పట్టాల వెంట వచ్చినవారు

బ్రిటానికా వ్యాసంపై నా రెండో అభ్యంతరం ఇక్కడుంది. అందులో రైలు మార్గాలు ఉన్నాయి, వాటిని నడిపిన మనుషులు లేరు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా ప్రధాన మార్గం 1891 నాటికి పూర్తయింది. రెండు దారులు కలిసే చోట ఇంజన్లకు షెడ్డు కావాలి, నీళ్లు, బొగ్గు కావాలి, డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డులు డ్యూటీ మారే చోటు కావాలి. పట్టాలు చూసుకోవడానికి గ్యాంగులు కావాలి. ఈ పనులన్నిటికీ మనుషులు దేశం నలుమూలలనుంచీ వచ్చారు. అలా వచ్చినవారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఉన్నారు.

వాళ్లే ఎందుకు? రైలు పటం చూస్తే తెలుస్తుంది. కళింగాంధ్ర తీరంలో కటక్ వైపు సాగిన మార్గం ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో ఈ బి.ఎన్.ఆర్. కంపెనీ చేతికే వచ్చింది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ చేరే మార్గం 1931లో పూర్తయింది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ ఒకే గొడుగు కిందకు వచ్చాయి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడేదాకా అది అలాగే సాగింది. ఒకే రైల్వే అంటే ఒకే కొలువు, బదిలీలు. ఒకరు కుదిరితే బావమరిదిని పిలుస్తాడు, ఆయన తన ఊరి కుర్రవాణ్ణి తెస్తాడు. వలసకు ఇంతకంటే పెద్ద సూత్రం అక్కరలేదు.

ఇక ఈ జనాన్ని లెక్కల్లో ఎలా గుర్తుపడతారు? జన్మస్థలం ప్రశ్నను మన జనగణనలో 1881 నుంచీ అడుగుతున్నారు. శ్రీకాకుళంలో పుట్టి ఇక్కడికి వచ్చిన తాతగారు వలసవచ్చినవాడిగా కనబడతాడు. రైల్వే క్వార్టర్‌లో పుట్టిన కొడుకు, మనవడు ఆ పట్టికలో కనబడరు, వాళ్లు బిలాస్‌పూర్‌లోనే పుట్టారు మరి. వాళ్ల జాడ మాతృభాష పట్టికలో దొరకాలి. జనగణన నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే బాల్యంలో తల్లి ఆ వ్యక్తితో మాట్లాడిన భాష. ఇప్పుడు బజారులో మాట్లాడేది కాదు, బడిలో చదివేది కాదు. ఎన్యూమరేటర్ తొందరలో “హిందీయే కదా” అంటే మనం “ఆఁ” అన్నామా, ఆ పట్టికలోనుంచి కూడా ఒక కుటుంబం జారిపోతుంది.

ఇది తెలుగువారి బాధ మాత్రమే అనుకోకండి. ఇరుగుపొరుగున మాట్లాడే ఛత్తీస్‌గఢీని జనగణన మాతృభాషగా నమోదు చేస్తుంది గాని, భాషల పట్టికలో హిందీ కిందే కలిపి చూపుతుంది. పై మొత్తాన్ని మాత్రమే చూసేవాడికి ఛత్తీస్‌గఢ్‌లో ఛత్తీస్‌గఢీ మాట్లాడేవాళ్లు కనిపించరు. అంకె ఎంత పెద్దదైనా, దాన్ని ఏ పేరు కింద రాశారో చూడకపోతే ప్రయోజనం లేదు.

ఎక్కడ, ఏ రాత్రి?

ఎవరు అన్న ప్రశ్న తర్వాత ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. హైదరాబాదును తీసుకోండి. 2001లో నగరపాలక సంస్థ పరిధిలో సుమారు 36 లక్షల మంది, 2011లో సుమారు 68 లక్షల మంది. పదేళ్లలో 87 శాతం పెరుగుదల అని దీన్ని చెప్పుకోవడం వింటుంటాం. కాని 2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి మహానగర పాలక సంస్థ చేశారు. విస్తీర్ణం 170 చదరపు కిలోమీటర్ల ప్రాంతంనుంచి ఆరువందలు దాటింది. కూకట్‌పల్లిలో, ఎల్.బి. నగర్‌లో 2001లోనూ ఎంతోమంది ఉన్నారు. వాళ్లను ఆనాడు వేరే ఊరివాళ్లుగా లెక్కపెట్టారు. కోర్బాను తీసేస్తే మా జిల్లా జనం సగమైనట్లే, కూకట్‌పల్లిని కలిపితే హైదరాబాదు దాదాపు రెండింతలయింది. రెండూ గీత మహిమలే. 2019లో బిలాస్‌పూర్ నగర పరిధిలో తిఫ్రా, సకరీ, సిర్‌గిట్టీలను, మరికొన్ని గ్రామాలను కలిపారు. రేపు ఈ నగరానికి గ్రాఫు గీసేవారు ఆ సంగతి మరవకూడదు.

మూడో ప్రశ్న: ఎప్పుడు? 1931 దాకా మన దేశంలో ఒకే రాత్రి జనాన్ని లెక్కపెట్టేవారు. 1901లో ఆ రోజు మార్చి 1. ఆ రాత్రి ఎవరు ఎక్కడ ఉంటే అక్కడి లెక్కే. రైళ్లలో, స్టేషన్లలో ఉన్న ప్రయాణికులను లెక్కపెట్టడానికి ప్రత్యేక ఏర్పాట్లు చేసేవారు. తిరిగే ఉద్యోగాలున్న జంక్షన్ ఊళ్లలో ఆ రాత్రి ఉన్నవారందరూ ఆ ఊరివారు కారు, ఆ ఊరివారందరూ ఆ రాత్రి అక్కడ లేరు. ఇప్పటికీ గతౌరాలాంటి ఊళ్లనుంచి పగలంతా నగరంలో పనిచేసి రాత్రి ఇంటికి చేరేవారు నగర జనాభాలో ఉండరు. వారు తిరిగే రోడ్లు, తాగే నీళ్లు మాత్రం నగరంలోవే.

అయితే అంకెలను నమ్మరాదా?

ఇంత విన్నాక “లెక్కలన్నీ మాయే” అని కొట్టిపారేయడం సులభం. అది కూడా అశాస్త్రీయమే. కొన్ని తగ్గుదలలు గీత వల్ల వచ్చినవి కావు. 1911, 1921 మధ్య దేశ జనాభా 25 కోట్ల 21 లక్షలనుంచి 25 కోట్ల 13 లక్షలకు తగ్గింది. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి దానికి ప్రధాన కారణం. ఒక జిల్లా సరిహద్దు జరిగితే పక్క జిల్లా అంకె పెరుగుతుంది, దేశం మొత్తం తగ్గదు. 1891-1901 మధ్య మా జిల్లాలో 13 శాతం తగ్గడం కూడా అలాంటి నిజమైన నష్టమే. రెండు కరవులు అందుకు సాక్ష్యం. 1900 మే నెలలో జిల్లా జనంలో నాలుగో వంతు మంది సహాయం మీద బతికారని అదే బ్రిటానికా చెబుతోంది. అంకెలను ఒకదానితో ఒకటి సరిచూస్తే ఏది నిజమైన మార్పో, ఏది గీత మార్పో తెలిసిపోతుంది. విమర్శ అంటే అంకెను పారేయడం కాదు, దాన్ని మరో అంకెతో నిలదీయడం.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. కొత్త గణన తేదీగా 2027 మార్చి 1ని 2025 జూన్‌లో ప్రకటించారు. మా జిల్లా విషయంలో అదే ఉచ్చు మళ్లీ సిద్ధంగా ఉంది. 2011 నాటి 26 లక్షల 60 వేలలో ముంగేలి ఉంది, పెండ్రా ఉంది. 2012లో ముంగేలి, 2020లో గౌరేలా-పెండ్రా-మర్వాహీ వేరే జిల్లాలయ్యాయి. కొత్త అంకెను పాత అంకె పక్కన పెట్టి “బిలాస్‌పూర్ జనం ఎక్కడికి పోయారు?” అని ఎవరైనా శీర్షిక పెడితే, సమాధానం మీకు ముందే తెలుసు.

మీ ఊరి జనాభా చరిత్ర మీరూ రాయవచ్చు. ప్రతి అంకెనూ మూడు ప్రశ్నలు అడగండి. ఎవరిని లెక్కపెట్టారు? ఏ సరిహద్దు లోపల? ఏ రోజున? సమాధానం దొరికిన అంకెలనే గీతతో కలపండి. ఇంటికి జనగణన సిబ్బంది వచ్చినప్పుడు పెద్దల పక్కన నిలబడి, మాతృభాష గడిలో ఏం రాస్తున్నారో చూడండి.

మా పిల్లవాడు గ్రాఫు మళ్లీ గీశాడు. 1998 దగ్గర గీతను తెంచి, కొద్దిగా ఖాళీ వదిలి, కింద పెన్సిలుతో “ఇక్కడ జిల్లా మారింది, జనం కాదు” అని రాశాడు. అంతకుముందు గీసినది చూడడానికి అందంగా ఉండేది. ఇది నిజంగా ఉంది.